నడుము నొప్పి, మానేసిన తాగుడు: రెండూ ఒకే డాక్టరుకు చెప్పండి



సూరత్ నగరానికి నైరుతి వైపు ఆల్థాన్ ఉంది. ఒక పక్క భటార్, ఇంకో పక్క బమ్రోలీ, అది దాటితే పాండేసరా. ఆల్థాన్‌లో కొత్త అపార్ట్‌మెంట్లు, కాలువ వెంట వెడల్పాటి రోడ్డు, తెల్లవారగానే నడకకు వచ్చేవాళ్లు కనిపిస్తారు. తూర్పుకు కాస్త దూరం వెళ్తే చాలు, మరమగ్గాల చప్పుడు మొదలవుతుంది.

ఆ చప్పుడులో మనవాళ్ల చెమట ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు తరాలుగా సూరత్ వెళ్లి సాంచాల (మరమగ్గాల) మీద బతుకుతున్నాయి. లింబాయత్ వైపు వెళ్తే సందు సందునా తెలుగు వినిపిస్తుంది. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. అంటే మన సంఖ్య ఏపాటిదో ఊహించుకోవచ్చు.

ఈ ప్రసంగం ఆ కార్మికుల కోసం. వాళ్లలోనూ ప్రత్యేకంగా కొందరి కోసం. ఒకప్పుడు తాగి, ఇప్పుడు మానేసి, నడుము నొప్పితో రోజులు నెట్టుకొస్తున్నవాళ్ల కోసం. సూరత్‌లో ఉన్నా, సిరిసిల్లలో ఉన్నా, భివండీలో ఉన్నా, ఈ రెండూ కలిసినచోట మనిషి పడే కష్టం ఒక్కటే. చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట కూడా ఒక్కటే. అది ముందే చెప్పేద్దాం. మీ నడుముకు వైద్యం చేసే డాక్టరుకు మీ తాగుడు సంగతి తెలియాలి. మానేసి ఏళ్లయినా సరే, తెలియాలి. ఎందుకో నెమ్మదిగా చూద్దాం.

ముందు పని సంగతి. ఒక సాంచా కార్మికుణ్ణి మనసులో ఊహించుకోండి. పన్నెండు గంటల డ్యూటీ. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఒక్కడే ఎన్నో సాంచాలు చూసుకోవాలి. పోగు తెగిందంటే వంగాలి, అతకాలి, లేవాలి. మళ్లీ ఇంకో సాంచా దగ్గర వంగాలి. సిమెంటు నేల మీద నిలబడే ఉండాలి. బరువైన బీము మార్చాల్సి వస్తే చెయ్యి వెయ్యాలి. కూలీ నేసిన మీటర్ల లెక్కన వస్తుంది. పని మానితే ఆ రోజు డబ్బు లేదు. అందుకని నడుం పట్టేసినా పళ్ల బిగువున పనిలోకి వెళ్తాడు.

ఇళ్లలో ఆడవాళ్ల సంగతీ ఇంతే. చీరలకు లేసు కుట్టడం, రాళ్లు అంటించడం. గంటల తరబడి నేల మీద కూర్చుని, మెడ వంచి, నడుము వంచి. ఆ నొప్పిని ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వాళ్లూ బయటికి చెప్పరు.

నడుము నొప్పి మూడు నెలలు దాటి ఉంటే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఇలాంటి నొప్పుల్లో ఎక్కువ వాటికి ఒక్క కారణం, ఇదీ అని వేలు పెట్టి చూపించడం కుదరదు. ఎముక విరిగి ఉండదు. నరం తెగి ఉండదు. అయినా నొప్పి నిజమే.

అదెలాగంటే, సాంచాకు ఒక ఏర్పాటు ఉంటుంది కదా, పోగు తెగితే మగ్గం దానంతట అదే ఆగిపోతుంది. గుడ్డ పాడవకుండా కాపాడే ఏర్పాటు అది. కొన్నాళ్లకు అది మరీ సున్నితమైపోయి, పోగు తెగకపోయినా మగ్గాన్ని ఆపేస్తుందనుకోండి. దీర్ఘకాలిక నొప్పిలో మన నరాల వ్యవస్థకు జరిగేది దాదాపు అదే. దెబ్బ మానిపోయినా నొప్పి మోగుతూనే ఉంటుంది. నొప్పి వచ్చిన ప్రతిసారీ లోపల ఏదో విరిగిపోతోందని భయపడాల్సిన పని లేదు.

స్కానింగులో డిస్కు ఉబ్బిందని, వెన్నుపూసల మధ్య గ్యాప్ వచ్చిందని చెప్పగానే చాలామంది ఇక జీవితం అయిపోయిందనుకుంటారు. 1994లో అమెరికాలో ఏ నడుము నొప్పీ లేని 98 మందికి ఎమ్మారై స్కాన్ తీశారు. వాళ్లలో సగం మందికి పైగా ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బు కనిపించింది. మళ్లీ చెబుతున్నాం, వాళ్లెవరికీ నొప్పి లేదు. స్కాన్ కాగితంలో రాసిన మాటకూ, మనిషి పడే నొప్పికీ ఎప్పుడూ నేరుగా లంకె ఉండదు. ఆ కాగితం చూసి బెంగపడి మళ్లీ గ్లాసు పట్టుకున్నవాళ్లకు ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు తాగుడు దగ్గరకు వద్దాం. ఇక్కడ నిజాన్ని నిజంగానే చెప్పుకోవాలి. మద్యం నొప్పిని కాసేపు తగ్గిస్తుంది. ఇది అపోహ కాదు. ఇంగ్లండులోని గ్రీనిచ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత ప్రయోగాలన్నీ కలిపి చూసి 2017లో ఇదే తేల్చారు. అందుకే నొప్పితో ఉన్న మనిషిని అది అంతగా లాగుతుంది. డ్యూటీ దిగి వచ్చి రెండు గ్లాసులు వేసుకుంటే నడుము వదులైనట్టు ఉంటుంది. అబద్ధం చెప్పి భయపెట్టడం కన్నా, ఆ ఊరటకు పడే వెల ఎంతో చెప్పడం మేలు.

మొదటి నష్టం, నిద్ర. తాగినవాడు త్వరగానే నిద్రపోతాడు. కానీ అర్ధరాత్రి దాటాక ఆ నిద్ర ముక్కలు ముక్కలవుతుంది. నిద్ర చాలని శరీరానికి మర్నాడు నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. రెండోది, నిన్నటి మోతాదు ఇవాళ పని చేయదు. పెంచాలి. మూడోది అన్నిటికన్నా మోసకారి. అలవాటైన శరీరంలో మద్యం దిగిపోతున్నప్పుడు నొప్పి అసలున్నదాని కన్నా ఎక్కువగా తెలుస్తుంది. అంటే నిన్నటి తాగుడే ఇవాళ్టి నొప్పిని పెంచుతుంది. ఆ నొప్పి మళ్లీ తాగమంటుంది.

మానేసిన తొలి రోజుల్లో, తొలి వారాల్లో నడుము నొప్పి పెరిగినట్టు అనిపించవచ్చు. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. తాగినప్పుడే బాగుంది కదా అనుకుంటారు. మీరు ఆ దశలో ఉంటే ఈ మాట గుర్తుంచుకోండి. అది కొన్నాళ్ల సంగతి. నరాలు కుదుటపడటానికి సమయం పడుతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం. చేతులు వణకడం, మూర్ఛలు రావడం, లేనివి కనిపించడం, మాట పొంతన తప్పడం. ఇవి ప్రాణం మీదకు తెస్తాయి. అలాంటివాళ్లు ఆసుపత్రిలో, డాక్టరు కళ్ల ముందే మానాలి. ఇంట్లో గదిలో పెట్టి తలుపు గడియ వేయడం వైద్యం కాదు.

గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది కదా, అక్కడ ఈ సమస్య ఏమిటని కొందరు అడగవచ్చు. నిజమే. రాష్ట్రం ఏర్పడిన 1960 నుంచీ అక్కడ నిషేధం అమల్లో ఉంది. సూరత్‌కు దగ్గర్లోనే దండి తీరం. 1930లో గాంధీజీ అక్కడి నుంచే, సారా దుకాణాల ముందు పికెటింగ్ చేయమని స్త్రీలను పిలిచారు. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా మీద తిరగబడితే రాష్ట్రమే కదిలింది. ఆ పోరాటాలకు చేతులెత్తి మొక్కాలి. దుకాణం దగ్గర్లో లేకపోవడం మానేసినవాడికి నిజంగానే సాయం. అయినా దొంగచాటు సరుకు దొరుకుతూనే ఉంటుంది. 2022 జూలైలో బోటాద్ ప్రాంతంలో కల్తీ సారా ఎందరి ప్రాణాలు తీసిందో పత్రికలు చదివినవాళ్లకు తెలుసు.

అంతకన్నా చాటుగా వచ్చే ప్రమాదం ఇంకొకటి ఉంది. అది సారా దుకాణంలో ఉండదు. మందుల షాపులో ఉంటుంది.

నడుము నొప్పి అని వెళ్తే కొన్నిచోట్ల ట్రమడాల్ ఇస్తారు. ఇది నల్లమందు జాతికి చెందిన నొప్పి మాత్ర. నొప్పి తగ్గిస్తుంది, మత్తూ ఇస్తుంది, అలవాటూ చేస్తుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం దీన్ని మాదకద్రవ్యాల చట్టం కిందకు తెచ్చింది. నిద్ర పట్టడం లేదంటే ఆల్ప్రజోలం, కండరాలు బిగిశాయంటే డయాజిపాం రాస్తారు. డాక్టరు చీటీ లేకుండా ఇవి అమ్మకూడదు. కానీ పక్కింటివాళ్ల దగ్గర మిగిలిన షీటు, తోటి కార్మికుడి జేబులోని మాత్ర, వీటిని ఏ చట్టం ఆపగలదు?

తెలంగాణ శ్రోతలు ఈ మాట జాగ్రత్తగా వినండి. మన జిల్లాల్లో కల్తీ కల్లులో కలిపేది ఏమిటి? డయాజిపాం, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్. 2015లో నిజామాబాద్, మెదక్ వైపు ఆ కల్లు దొరకక ఎంతోమంది వణుకుతో, మూర్ఛలతో, పిచ్చిచూపులతో ఆసుపత్రుల పాలయ్యారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం బారులు తీరారు. వాళ్లను పట్టుకున్నది తాటిచెట్టు కల్లు కాదు, అందులో కలిపిన రసాయనం. ఇప్పుడు ఆలోచించండి. అలాంటి కల్లు తాగి, ఎంతో కష్టపడి మానేసి, సూరత్‌లో పని చేసుకుంటున్న మనిషికి నడుము నొప్పితో నిద్ర పట్టడం లేదు. ఆ సంగతి తెలియని డాక్టరు ఆల్ప్రజోలం రాస్తాడు. పాపం, మానేసిందే మళ్లీ మాత్ర రూపంలో ఇంటికి వస్తుంది. ఆ మనిషికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. అందుకే, డాక్టరుకు తాగుడు సంగతి తెలియాలి అని ఇందాకటి నుంచీ చెబుతున్నది.

ఆయుర్వేద సీసాల సంగతి కూడా చెప్పుకోవాలి. ఒళ్లు నొప్పులకు, నడుముకు అని దశమూలారిష్టం తాగేవాళ్లు ఉన్నారు. ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి చేసేవి. వాటిలో సహజంగానే ఆల్కహాలు పుడుతుంది. మామూలు మనిషికి చెంచాడు మందు ఏమీ చేయకపోవచ్చు. మానేసిన మనిషికి ఆ వాసన, ఆ మంట పాత దారిని గుర్తు చేయవచ్చు. పైగా ఆసవం పేరు పెట్టుకున్న ప్రతి సీసా మందు కాదు. 2023 చివర్లో గుజరాత్ ఖేడా జిల్లాలో అలాంటి సిరప్ తాగి కొందరు చనిపోయారు.

ఇప్పుడు ఒక పెద్ద ఉదాహరణ. టైగర్ వుడ్స్ పేరు వినే ఉంటారు. గోల్ఫ్ ఆటలో ప్రపంచ విజేత. డబ్బుకు లోటు లేదు, వైద్యులకు లోటు లేదు. ఆయన్నీ నడుము నొప్పి వదల్లేదు. 2014 నుంచి వెన్నుకు ఆపరేషన్ మీద ఆపరేషన్. 2017 ఏప్రిల్‌లో వెన్నుపూసలను కలిపి బిగించే నాలుగో ఆపరేషన్. ఆ మరుసటి నెలలోనే ఒక రాత్రి ఫ్లోరిడాలో పోలీసులకు రోడ్డు పక్కన ఒక కారు కనిపించింది. ఇంజను నడుస్తోంది. స్టీరింగు ముందు టైగర్ వుడ్స్ నిద్రలో ఉన్నాడు.

తాగి ఉన్నాడనుకున్నారు. శ్వాస పరీక్ష చేశారు. మద్యం సున్నా. ఒక్క చుక్క లేదు. తరువాత వచ్చిన పరీక్షల్లో అసలు విషయం తేలింది. నొప్పి మాత్రలు, నిద్ర మాత్ర, ఆల్ప్రజోలం, ఇంకా గంజాయి ఆనవాలు. మొత్తం ఐదు రకాలు ఒకే శరీరంలో. నొప్పినీ నిద్రలేమినీ తనంతట తానే నిభాయించుకోబోయి ఆ స్థితికి చేరానని ఆయనే బహిరంగంగా ఒప్పుకున్నాడు.

సిగ్గుతో తలుపు వేసుకోలేదు. చికిత్స కేంద్రానికి వెళ్లాడు. నెలల తరబడి నెమ్మదిగా శరీరాన్ని కదిలించడం మళ్లీ నేర్చుకున్నాడు. 2019 ఏప్రిల్ 14న, 43 ఏళ్ల వయసులో, మాస్టర్స్ టోర్నీ గెలిచాడు. గోల్ఫ్‌లోని అతి పెద్ద టోర్నీల్లో పదకొండేళ్ల తరువాత దక్కిన గెలుపు అది. ఆ తరువాత కూడా ఆయన వెన్నుకు ఆపరేషన్లు జరిగాయి. నొప్పి పూర్తిగా పోలేదు. మద్యం ముట్టకపోయినా మాత్రలతో మత్తులో పడవచ్చని, పడ్డాక సాయం అడిగి లేవవచ్చని ఆయన కథ రెండూ చెబుతుంది.

మరి డాక్టరుకు చెబితే ఏం లాభం? చాలా లాభం.

మీరు తాగుడు మానడానికి నాల్ట్రెక్సోన్ మాత్ర వాడుతున్నారనుకోండి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలను అది పని చేయనివ్వదు. నొప్పి తగ్గలేదని మోతాదు పెంచితే ప్రమాదం. డైసల్ఫిరాం వాడుతున్నారనుకోండి. అది ఒంట్లో ఉండగా ఆల్కహాలున్న దగ్గు మందో, అరిష్టమో తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. ఏళ్ల తరబడి తాగిన కాలేయానికి పారాసిటమాల్ కూడా హద్దు దాటితే విషమే. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో పుండ్లు ఉన్నవాళ్లకు రక్తస్రావం తెస్తాయి. ఇవన్నీ డాక్టరు సర్దగలడు. మాత్ర మార్చగలడు, మోతాదు తగ్గించగలడు, రక్త పరీక్ష చేయించగలడు. కానీ సంగతి తెలిస్తేనే.

అలాగని మాత్రలన్నీ మానేయమని కాదు. పెద్ద దెబ్బ తగిలినా, ఆపరేషన్ జరిగినా కొన్ని రోజులు బలమైన నొప్పి మందు అవసరమే కావచ్చు. అప్పుడు చేయాల్సింది ఇది. ఎన్ని రోజులో ముందే అడిగి తెలుసుకోవాలి. మాత్రల షీటు ఇంట్లో నమ్మకమైన మనిషి చేతికి ఇవ్వాలి. వాళ్లు వేళకు ఒకటి ఇస్తారు. మిగిలినవి ఇంట్లో ఉంచకూడదు.

దీర్ఘకాలిక నడుము నొప్పికి నల్లమందు జాతి మాత్రలు మామూలు మాత్రల కన్నా గొప్పగా పని చేస్తాయా? చేయవు. అమెరికాలో మాజీ సైనికులను ఏడాది పాటు గమనించి 2018లో ఈ విషయం తేల్చారు. రోజువారీ పనులు చేసుకోవడంలో రెండు వర్గాల మధ్యా తేడా లేదు. నొప్పి విషయంలో మామూలు మాత్రల వాళ్లే కాస్త మెరుగు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ నొప్పికి అలాంటి మాత్రలు వాడొద్దన్నాయి. మానేసిన మనిషికి ఇది ధైర్యం ఇచ్చే వార్త. మత్తు మాత్ర వద్దనుకున్నందువల్ల మీరు మంచి వైద్యాన్ని పోగొట్టుకోవడం లేదు.

మరి పని చేసేది ఏమిటి? కదలడం.

పాతకాలంలో నడుం పట్టేస్తే వారం పది రోజులు మంచం దిగొద్దనేవారు. 1986లో అమెరికాలో డాక్టర్ రిచర్డ్ డియో, కొత్తగా నడుం పట్టేసిన కొందరికి రెండు రోజులు, కొందరికి వారం రోజులు మంచం మీద పడుకోమని చెప్పి చూశారు. నొప్పి తగ్గడంలో తేడా లేదు. రెండు రోజుల వాళ్లే తక్కువ రోజులు పని పోగొట్టుకున్నారు. మీటర్ల లెక్కన కూలీ వచ్చే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

2024లో ఆస్ట్రేలియా నుంచి ఇంకా మంచి కబురు వచ్చింది. నడుము నొప్పి వచ్చి తగ్గినవాళ్లలో కొందరికి క్రమం తప్పకుండా నడక అలవాటు చేశారు. ఫిజియోథెరపిస్టు మధ్య మధ్య ధైర్యం చెబుతూ, రోజుకు అరగంట, వారానికి ఐదు రోజుల దాకా తీసుకొచ్చారు. ఆ నడక లేనివాళ్లకు నొప్పి సుమారు నాలుగు నెలల్లోపే తిరగబెట్టింది. నడిచినవాళ్లకు దాదాపు ఏడు నెలలు పట్టింది. ఖర్చు ఏమిటి? ఒక జత చెప్పులు.

ఆల్థాన్‌లో కాలువ వెంట రోడ్డుంది, తోట ఉంది. ఎక్కడున్నా ఒక వీధి ఉంటుంది. మొదటి రోజే అరగంట నడవక్కర్లేదు. ఐదు నిమిషాలు చాలు. వారానికి కాస్త పెంచండి. నడిచేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే ఫరవాలేదు. మర్నాటికి కూడా తగ్గకపోతే కాస్త తగ్గించి నడవండి. పూర్తిగా మాత్రం ఆపకండి. రాత్రి డ్యూటీ వాళ్లు నిద్ర లేచాక నడవవచ్చు. తాగాలనిపించే సమయం ఏదో మీకు తెలుసు. డ్యూటీ దిగే వేళ కావచ్చు, పగారు చేతికొచ్చిన సాయంత్రం కావచ్చు. ఆ సమయానికే నడక పెట్టుకుంటే ఒకే అరగంట రెండు పనులు చేస్తుంది.

పనిచోట కూడా కొన్ని మార్పులు ఎవరైనా చేసుకోగలిగినవే. పోగు అతికేటప్పుడు నడుము ఒక్కటే వంచకుండా మోకాళ్లు కూడా వంచండి. ఒక కాలు చిన్న చెక్క మీద పెట్టి, కాసేపటికి కాలు మార్చండి. బీము ఒక్కరే ఎత్తొద్దు, ఇంకొకరిని పిలవండి. బీడీ తాగడానికి కూర్చునే ఐదు నిమిషాల్లో నాలుగడుగులు వేయండి. నడుము బెల్టు రోజంతా బిగించుకోవడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. నడుము నొప్పి ఉంటే కటిక నేల మీద పడుకోవాలనేది కూడా నియమమేమీ కాదు. మరీ గట్టి పరుపు కన్నా మధ్యరకం పరుపే మేలని స్పెయిన్‌లో 2003లో జరిగిన ఒక పరిశోధన చెప్పింది.

నడకతో పాటు ఇంకొకటి కావాలి. తోడు.

1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే మనిషి ఒక హోటల్లో నిలబడి ఉన్నాడు. కొద్ది నెలల కిందటే తాగుడు మానేశాడు. వచ్చిన వ్యాపారం చెడిపోయింది. పక్కనే బారు. లోపలికి వెళ్లకుండా ఫోన్ దగ్గరకు వెళ్లాడు. తనలాంటి ఇంకొక తాగుబోతుతో మాట్లాడాలని ఊరంతా ఆరా తీశాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్, ఒక సర్జన్. వణుకు తగ్గడానికి ఆ సర్జన్ మత్తు మాత్రలు కూడా మింగేవాడు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. డాక్టర్ బాబ్ చివరిసారి తాగింది ఆ ఏడాది జూన్ 10న. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. 1957లో ఢిల్లీలో మన దేశానికీ వచ్చింది. ఫీజు లేదు. పేరు బయటపెట్టరు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత.

నడుము నొప్పి ఉన్నవాళ్లు ఆ సమావేశాలకు వెళ్లాలంటే గంటసేపు కుర్చీలో కూర్చోలేమని వెనకాడుతుంటారు. వెళ్లండి. గది వెనక నిలబడి వినండి. అటూ ఇటూ నడవండి. ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడ ఎవరైనా, ఏ మాత్ర వేసుకున్నా తాగినట్టే అంటే ఆ మాట పట్టించుకోకండి. సభ్యులెవరూ డాక్టరు అవతారం ఎత్తకూడదని, మాత్రల సంగతి డాక్టరుకే వదలాలని ఆ సంస్థే తన పుస్తకంలో రాసుకుంది.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. ఆయన నడుము పట్టుకుని కూర్చుంటే నాటకమాడుతున్నాడనకండి. ఆమె నొప్పి అంటే పని తప్పించుకోవడానికే అనకండి. తాగుడు మానాక కూడా నొప్పి ఉంటే, మానిన ఫలితమేముందని దెప్పకండి. నొప్పి, కోపం, ఒంటరితనం, అలసట, ఆకలి. ఇవి ఒకేసారి మీద పడిన రోజున మనిషి జారిపోతాడు. ఆ రోజు వేళకు పెట్టిన అన్నం, పక్కన కూర్చుని మాట్లాడిన పావుగంట చాలా పెద్ద సాయం.

దసరాకు ఊరెళ్లే ప్రయాణం గురించి కూడా చెప్పాలి. సూరత్ నుంచి వరంగల్ వైపు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో గంటలకు గంటలు కూర్చోవాలి. వెళ్లేసరికి నడుము కొయ్యబారిపోతుంది. ఇంటికి చేరగానే బావమరిది గ్లాసు అందిస్తాడు. “ప్రయాణం చేసొచ్చినవ్, కొంచెం పుచ్చుకో బావా, నొప్పి పోతది” అంటాడు. ప్రేమతోనే అంటాడు. ఈ రెండూ ముందే తెలిసినవి కాబట్టి ముందే సిద్ధం కావచ్చు. రైల్లో తరచూ లేచి బోగీలో నడవండి. సామాను మీరే ఎత్తకండి. ఊళ్లో ఒక్కరికైనా, అక్కకో తమ్ముడికో, ఫోన్ చేసి చెప్పి ఉంచండి: “నేను మానేసిన, నాకు ఎవరూ పోయకుండా చూడు.” చేతిలో ముందే చాయ్ గ్లాసు ఉంటే ఇంకో గ్లాసు ఇచ్చేవాళ్లు తగ్గుతారు.

ఎంత జాగ్రత్తపడ్డా ఒకరోజు కాలు జారవచ్చు. జారితే ఆ రోజే ఎవరికైనా చెప్పండి. ఇన్నాళ్లు మానింది వృథా అయిందనుకోకండి. తాగి ఉన్నప్పుడు మాత్రం ట్రమడాల్, ఆల్ప్రజోలం, నరాల నొప్పికి ఇచ్చే ప్రిగాబలిన్ లాంటి మాత్రలు వేసుకోవద్దు. రెండూ కలిస్తే ఊపిరి మందగించి, నిద్రలోనే ప్రాణం పోవచ్చు. రెండోసారి చెబుతున్నాం, తాగుడూ ఈ మాత్రలూ కలవకూడదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే నడక, ఓపిక అని కూర్చోకండి. మల మూత్రాలు అదుపు తప్పినా, మూత్రం రాకుండా పోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాలు పట్టు తప్పి ఈడ్చుకుపోతున్నా వెంటనే, ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. నడుము నొప్పితో పాటు సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయకండి. వెన్నుకు క్షయ సోకి ఉండవచ్చు. దానికి పూర్తిగా నయం చేసే మందులున్నాయి. పడిపోయాక మొదలైన నొప్పి అయితే అదీ చూపించుకోవాలి.

ఎక్కడ చూపించుకోవాలి? ఆల్థాన్ వైపు ఉండేవాళ్లకు మజూరా గేట్ దగ్గర ప్రభుత్వ న్యూ సివిల్ హాస్పిటల్ ఉంది. లింబాయత్ వైపు వాళ్లకు ఉమర్‌వాడాలో నగరపాలక సంస్థ నడిపే స్మీమేర్ ఆసుపత్రి ఉంది. రెండుచోట్లా ఎముకల డాక్టర్లు, మానసిక వైద్యులు ఉంటారు. ఫిజియోథెరపీ ఉంటుంది. నడుముకు ఒక చీటీ, తాగుడుకు ఒక చీటీ తీసుకున్నా ఫరవాలేదు. ఒక డాక్టరు రాసిన కాగితం ఇంకో డాక్టరుకు తప్పకుండా చూపించండి.

గుజరాతీ రాదని, హిందీ అంతంతమాత్రమని నోరు విప్పకుండా వచ్చేయకండి. మూడు ముక్కలు చాలు. ఇలా చెప్పండి: “మై పహలే షరాబ్ పీతా థా. అబ్ ఛోడ్ దీ హై. నషేవాలీ గోలీ మత్ దీజియే.” అంటే, ఇదివరకు తాగేవాణ్ణి, ఇప్పుడు మానేశాను, మత్తు మాత్ర ఇవ్వకండి అని. కల్లు తాగే అలవాటు ఉండి ఉంటే “తాడీ” అని కూడా చెప్పండి. చెప్పడానికి మొహమాటంగా ఉంటే కాగితం మీద రాయించుకెళ్లి డాక్టరు చేతికివ్వండి.

తెలుగులో మాట్లాడాలంటే ఫోన్ ఉంది. టెలీ మానస్ అని ప్రభుత్వ సేవ, 2022 అక్టోబరులో మొదలైంది. నంబరు 14416. డబ్బు పడదు. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు. తాగుడు, మత్తు అలవాట్ల గురించి జాతీయ సహాయ కేంద్రం నంబరు 14446. కాగితం, కలం తెచ్చుకోండి, లేదా ఇంట్లో చదువుకునే పిల్లల చేత ఫోన్లో రాయించుకోండి. మరోసారి చెబుతున్నాం. టెలీ మానస్, 1 4 4 1 6. మత్తు విముక్తి సహాయ కేంద్రం, 1 4 4 4 6.